ద్వీపాంతరమునుండి విమానాశ్రయమునకు: అండమాను తెలుగును గూర్చి ఒక పరిశీలనము

తెలుగున 'ద్వీపాంతరము' అను మాటకు వ్యుత్పత్త్యర్థము వేరొక దీవి అని మాత్రమే. కాని రెండు మూడు తరముల క్రిందట ఆ మాట వినినవారికి దీవి జ్ఞప్తికి రాలేదు. శిక్ష జ్ఞప్తికి వచ్చెను. 'యావజ్జీవ ద్వీపాంతరవాసము' న్యాయస్థానముల భాషలో పుట్టి కథలలోనికిని నాటకములలోనికిని వ్యాపించిన సమాసము. 1955 నాటి చట్టసవరణమువలన, 1956 జనవరి 1 మొదలుకొని, శిక్షాస్మృతిలో దాని స్థానమున యావజ్జీవ కారాగారవాసము చేరినది. చట్టమునుండి తొలగినను ఆ సమాసము మన వాఙ్మయమున నిలిచియున్నది. దాని వెనుకనున్న భయము కూడ కొంత నిలిచియున్నదని నా అనుమానము.

ఈ సంగతి నాకు తట్టినది గ్రంథాలయమున కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట పోర్ట్ బ్లెయిరునకు ప్రయాణించుచుండగా నా ప్రక్క ఆసనమున ఒక వృద్ధురాలును ఆమె మనుమరాలును ఉండిరి. సోంపేట ప్రాంతమునకు పెండ్లికి పోయి తిరిగి వచ్చుచున్నారు. విమానము మబ్బులు దాటి క్రిందికి దిగగా, కిటికీలో ఆకుపచ్చని కొండలును వాని అంచున తెల్లని నురుగును కనబడినవి. అప్పుడు ఆ వృద్ధురాలు ఊపిరి విడిచి, "ఇంటికొచ్చీసినాం" అనెను. ఒకనాడు తెలుగువానికి ఇంటినుండి ఎంత దూరము పోవచ్చునో దానికి కడపటి ఎల్లగా నుండిన చోటు, ఈమె నోట ఇల్లయినది. ఈ అర్థపరిణామము ఎట్లు జరిగినదో తెలిసికొనుటకు విమానాశ్రయము మంచి స్థలమని నాకు అప్పుడు తోచినది. ఒక ప్రాంతపు విమానాశ్రయము ఆ ప్రాంతపు సంస్కృతిని, ఆర్థికజీవనమును ప్రతిబింబించునని లోకమున చెప్పుచుందురు. ప్రతిబింబించునది కట్టడపు ఆకారమున మాత్రమే కాదు. నేలపేర్లలోను, సామానులోను, సంభాషణలోను కూడ.

మొదట పేర్లు. ఈ విమానాశ్రయమున్న నేలకు పాతపేరు లంబాలైను. హిందీలో 'లంబా' అనగా పొడవైనది. 'లైను' అను పదము ఆ ఊరి పేటల పేర్లలో మరికొన్నిటను గలదు; స్కూల్ లైను అట్టిదే. బందీలను, సిపాయిలను, కూలీలను వరుసయిండ్లలో నుంచిన ఊళ్లలో ఇట్టి పేర్లు పుట్టుట సహజము. 1942 మార్చి 23న జపాను సేనలు ఈ దీవులను ఆక్రమించినవి. ఇచ్చటి విమానపథము ఆ ఆక్రమణకాలమున, దీవులలోని జనులచేత బలవంతముగ పని చేయించి నిర్మించినది. ఆ రోజులలోనే దీవాన్ సింగ్ అను పంజాబీ కవి, వృత్తిచే వైద్యుడు, సెల్యులర్ జైలులో చిత్రహింసలకు గురియై 1944 జనవరిలో మరణించెను. ఆయన తన పేరున 'కాలేపానీ' అని చేర్చుకొనెను. శిక్షకు గురుతైన పదమును తన ఇంటిపేరువలె ధరించిన కవి భారతీయ సాహిత్యములలో మరియొకడు కలడేమో పెద్దలు చెప్పవలెను. ఆయన మరణమునకు కొన్ని దినములముందు, 1943 డిసెంబరు 29న, నేతాజీ సుభాస్ చంద్రబోసు విమానమున వచ్చి పోర్ట్ బ్లెయిరులో దిగి, మరునాడు జెండా ఎగురవేసెను. ఈ రెండు సంఘటనలును ఇన్ని దినముల ఎడముతో జరిగినవని చరిత్ర చదువువారు గూడ తరచుగ గమనింపరు.

2002లో ఈ విమానాశ్రయమునకు వీర సావర్కరు పేరు పెట్టిరి. ఆయన 1911 నుండి 1921 వరకు సెల్యులర్ జైలులో నుండెను. అదే విమానపథమును వాడుకొను నౌకాదళపు స్థావరము పేరు ఉత్క్రోశ్. అమరకోశము చదివినవారికి ఈ పదము క్రొత్తది కాదు: కురరపక్షికి పర్యాయము, చేపలను పట్టు డేగ. సముద్రతీరపు విమానస్థావరమునకు ఇంతకన్న తగిన పేరు దొరకుట కష్టము. పెట్టినవారెవరో కోశము తెలిసినవారు. ఇక ఊరిపేరు. 1789లో ఇచ్చట మొదటి వలసను స్థాపించిన ఆర్చిబాల్డ్ బ్లెయిరు పేరుతో నుండిన పట్టణము 2024 సెప్టెంబరు 13న శ్రీవిజయపురమైనది. తెలుగు చెవికి ఇది ఏ కృష్ణాతీరపు గ్రామమో యనిపించును. ఇక్ష్వాకుల విజయపురి మనకు తెలిసినదే కదా. పాతపేరులో 'రేవు' ఉండెడిది, క్రొత్తపేరులో 'పురము' ఉన్నది.

ఈ పేర్లలో హిందీ, ఆంగ్లము, సంస్కృతము కలవు. మహారాష్ట్రపు స్మృతి కలదు. తెలుగు లేదు. దీనికి నొచ్చుకొనవలసిన పనిలేదు. సెల్యులర్ జైలు గోడలలో తెలుగువారి స్మృతియు కలదు. రంప విప్లవమున అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాము మల్లుదొర ఇచ్చట శిక్ష అనుభవించి, తరువాత 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యెను; కాకినాడ బాంబు కేసులోని ప్రతివాది భయంకరాచారి కూడ ఇచ్చటికి పంపబడినవాడే. కాని నేడు దీవులలోనున్న తెలుగువారు ఆ వీరుల వంశీకులు కారు. జాలరులుగను, కూలీలుగను, చిన్న ఉద్యోగులుగను వచ్చినవారి బిడ్డలు. వారిని గూర్చియే మనము తక్కువ వ్రాసితిమి.

ఇప్పుడు కట్టడము. 2023 జూలై 18న ప్రారంభమైన క్రొత్త భవనము సుమారు 40,800 చదరపు మీటర్ల వైశాల్యము కలది. సుమారు 700 కోట్ల రూపాయల వ్యయమున నిర్మింపబడినది. సంవత్సరమునకు 50 లక్షల ప్రయాణికులకు సరిపోవునని లెక్క. పైకప్పు సముద్రపు గుల్లను పోలియుండును; పగటివేళ వెలుతురు పైనుండియే వచ్చునట్లు దానిని తీర్చిరి. రేణిగుంటలో 2015లో ప్రారంభించిన తిరుపతి విమానాశ్రయ భవనమునకు గరుడుని ఆకారమునిచ్చిరి. అచ్చట ఆ నిర్ణయము సులభము. తిరుపతికి పోవువారందరును ఏడుకొండలవానిని చూడబోవువారే అనుకొన్నను పెద్ద తప్పు లేదు. అండమానులో ఎవరి దేవుని, ఎవరి వాహనమును ఎన్నుకొనవలెను? వంగీయునిదా, తమిళునిదా, నికోబారు క్రైస్తవునిదా, మాప్పిళ్ల వంశస్థునిదా? ఏ భాషకును చెందనిది కావుననే గుల్ల ఎన్నికైనదని నాకు తోచును. సంస్కృతులు పెక్కులు చేరిన చోట ప్రకృతిని చిహ్నముగ గొనుట వివేకమే.

అయితే ఈ గుల్లకును ఒక వ్యాపారచరిత్ర కలదు. బొత్తాములకును అలంకారవస్తువులకును పనికివచ్చు ట్రోకస్, టర్బో జాతుల గుల్లలను 1930 ప్రాంతమునుండియే ఈ సముద్రమున వెలికితీయుచుండిరి. జపాను పడవలు వీనికై ఇచ్చట సంచరించెడివి. తీసి తీసి కొరత కలుగగా, 2001లో వీనిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు జాబితాలో చేర్చిరి. నేడు అనుమతిపత్రము లేక గుల్లలుగాని పగడపు ముక్కలుగాని దీవులు దాటింపరాదు. అందుచేత గుల్ల ఆకారముగల భవనములోనే ప్రయాణికుల సంచులలో గుల్లలున్నవేమో యని వెదకుచుందురు. ఇందులో హాస్యము కొంత కలదు. దీవుల ఆర్థికస్థితి అంతకన్న ఎక్కువ కలదు. ఒకనాడు అమ్ముకొన్న వస్తువును నేడు చూపుటకు మాత్రమే వాడుకొనుచు, ఆ చూపుటమీదనే బ్రతుకవలసివచ్చిన స్థితి అది. యాత్రికుల రాకపోకలు దీవుల పట్టణజీవనమునకు నేడు ముఖ్యమైన ఆధారము.

ఎదురుదిశలో పోవు సామానును గూర్చి ఒక మాట. ఇచ్చటనుండి విమానములలో ప్రధానభూమికి పోవు సరకులలో చేపలు, ప్రాణముతోనున్న పీతలు ముఖ్యమైనవి. మన తీరమున మండపీత యనునది అదే. వీనిని పట్టువారిలో తెలుగువారి పాలు గణనీయము. 1950లనుండి ప్రభుత్వము ప్రధానభూమినుండి జాలరి కుటుంబములను తెచ్చి దీవులలో నెలకొల్పినది. ఆంధ్రతీరమునుండి, విశేషించి శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలనుండి, వచ్చినవారు వారిలో నున్నారు. వారి వెంబడి బంధువులు తామే వచ్చిరి. విమానాశ్రయమునకు చేరువనున్న జంగ్లీఘాట్ పడవరేవున నిలుచున్నచో ఉత్తరాంధ్రపు పలుకుబడి చెవినిండ వినవచ్చును. ఆ రేవు 2004 డిసెంబరు 26 నాటి సునామిలో దెబ్బతిన్నది, పడవలు కొట్టుకొనిపోయినవి. విమానపథమునకు పగుళ్లు పడినను సహాయము తెచ్చిన విమానములు మిగిలిన భాగముననే దిగినవి.

భాషాపరిశీలకునికి ఆ రేవున దొరకునది ఎంతో కలదు. ఇంట 'కోనెం' అనబడు చేప బజారులో 'సుర్మయి' యగును. బారువ తీరమున తాతలు వాడిన 'తెప్ప' ఇచ్చట మాట్లాడుటకే మిగిలినది. ఎక్కి పోవునది 'డోంగీ'. 'రేవు' పోయి 'జెట్టీ' వచ్చినది. 'ఏటి', 'అలగ', 'ఎల్తన్నాం' అను రూపములు మాత్రము చెక్కుచెదరలేదు. అనగా నామపదములు సంతకు లొంగినవి, క్రియలు ఇంటిని విడువలేదు. రెండవ తరమువారి నోట హిందీ అవధారణార్థకమైన 'తో' తెలుగు వాక్యమున జొరబడుట నేను పలుమార్లు వింటిని: "వానలు తో లేవు". తెలుగున తృతీయకు 'తో' యుండగా ఈ రెండవ 'తో' ఎట్లు ఇమిడినదో, వినువారికి సందిగ్ధము కలుగుచున్నదో లేదో, యువపరిశోధకులెవరైన పరిశీలింపదగినది. ఒక్కొక్కప్పుడు ఒక పెద్ద గ్రంథముకన్న ఇట్టి చిన్న ప్రత్యయము ఎక్కువ చెప్పును.

ఓడకును విమానమునకును గల భేదము ఈ సమాజపు ఆర్థికజీవనమును బాగుగ చూపును. విశాఖపట్టణమునుండి ఈ దీవులకు సముద్రముపై సుమారు 1200 కిలోమీటర్లు. ఓడ రెండు మూడు దినములు తీసికొనును, విమానము రెండు గంటలు. ద్వీపవాసులకు ఓడలో తగ్గింపు వెల కలదు. విమానపు వెల బజారు ననుసరించి పెరుగుచు తరుగుచు, బడి సెలవులలో మిన్నుముట్టును. నేను కలిసికొన్న కుటుంబములలో ఒక అలవాటు కనబడినది: చావుకు విమానము, పెండ్లికి ఓడ. చావు ఆగదు; పెండ్లికి ముందుగ బయలుదేరవచ్చును. ఓడలో బియ్యపు బస్తాయైనను పోవును. విమానమున ఉచితముగ సాగునది 15 కిలోలే. ఆ కొలతలో ఇమడుటకై ఏవి వదలుకొని ఏవి తెచ్చుకొందురో గమనించుట మానవశాస్త్రజ్ఞునికి మంచి పాఠము. నా ప్రక్కనున్న వృద్ధురాలు తెచ్చుకొన్నవి పలాస జీడిపప్పు, ఒక చీర, గ్రామదేవత పసుపు కుంకుమల పొట్లము. పెండ్లియే అయినను ఈసారి ఓడ ఎక్కలేకపోయినదట. "ఓడైతే మూడు రాత్రులు. ఈ మోకాళ్లతో ఒల్లకాదు బాబూ" అని చెప్పినది.

పూర్వము తెలుగువారు కడలి దాటిన చోట రేవు వారికి పేరునిచ్చినది. బర్మాలో మనవారిని కోరంగీలనిరి. గోదావరీ ముఖమునందలి కోరంగి రేవే దానికి మూలము. మలయాలో కళింగమునుండి 'క్లింగు' అను మాట పుట్టి, తరువాత తెలుగు, తమిళ భేదము లేక దక్షిణభారతీయులందరికి వర్తించి, తుదకు తిట్టుగా మారినది. అండమానులో ఇట్టి పేరు పుట్టలేదు. మొదటి రోజుల పౌరవిమానము కలకత్తానుండి రంగూను మీదుగా ఇచ్చటికి వచ్చెడిది. కోరంగీల పట్టణమును తాకి వచ్చిన ఆ విమానమును తలచుకొన్నప్పుడు మన వలసచరిత్రలోని రెండు ఘట్టములు ఒక చోట కలిసినట్లుండును. కాని విమానాశ్రయము ఎవరికిని పేరు పెట్టదు. దిగినవానిని రెండే తరగతులుగ విడదీయును: ద్వీపవాసి, ప్రధానభూమివాసి. దీవులలో ఏ భాషవాడైనను 'మెయిన్లాండు' అనియే యనును. తెలుగువానికి శ్రీకాకుళమును మెయిన్లాండే, ఢిల్లీయును మెయిన్లాండే.

ఇచ్చటనే అసలు చిక్కు వచ్చుచున్నది. 2018 డిసెంబరులో కేంద్ర పౌరవిమానయానశాఖ విమానాశ్రయములలో ప్రకటనలు మొదట స్థానికభాషలోను, తరువాత హిందీ ఆంగ్లములలోను చేయవలెనని ఆదేశించినది. మంచి ఆదేశము. అండమానులో స్థానికభాష ఏది? 2011 జనగణనము ప్రకారము 3,80,581 జనాభాలో వంగభాష మాతృభాషగా గలవారు సుమారు 28 శాతము, హిందీ 19, తమిళము 15, తెలుగు 13. తెలుగువారు ఇంచుమించు 50 వేలు. 'లోకల్' అను మాటకు దీవులలో మరియొక ప్రత్యేకార్థము కలదు: 1942కు పూర్వము స్థిరపడినవారి సంతతి. వారి భాష హిందుస్తానీ. వీరందరికన్న వేల సంవత్సరముల ముందునుండి యున్న అండమాను ఆదివాసుల భాషలే న్యాయముగ స్థానికభాషలు. వానిలో బో భాషను మాటలాడగల చివరి వ్యక్తి 2010 జనవరిలో మరణించెను. జారవాలకు, సెంటినలీలకు ఈ భవనముతో పనిలేదు. ఉండకుండుటే వారికి క్షేమము. కనుక స్థానికభాష యను స్థానము ఇచ్చట ఖాళీగ నున్నది. ఆ ఖాళీని హిందీ నింపినది. ఎవరును బలవంతపెట్టలేదు; కలగలుపు సమాజమునకు ఒక ఉమ్మడిభాష కావలసియుండెను, అది దొరకినది.

దీనివలన వంగము, తమిళము, తెలుగు ఇంటి భాషలుగ నిలిచినవి. హిందీ, ఆంగ్లము, వంగము, తమిళములతోపాటు తెలుగు మాధ్యమమున బోధించుటకు దీవుల ప్రభుత్వ పాఠశాలలలో ఏర్పాటు చేసిన సంగతి మన పండితులలో పెక్కురకు తెలియదు. పరరాష్ట్రమున తెలుగు చెప్పుకొనుచున్న నాకు ఇట్టి ఏర్పాటు విలువ బాగుగ తెలియును. బోధించువాడుండియు చదువువాడు లేని గది నేను చూచితిని. తల్లిదండ్రులు ఆంగ్లమును కోరుదురు, ఆట స్థలము హిందీని కోరును. 2001లో సుమారు 12.8 శాతముగనున్న తెలుగు 2011లో 13.2 శాతమైనది, అంకెలు చూచి సంతోషింపవచ్చును. కాని జనగణనము మాతృభాష ఏదని అడుగును, అక్షరములు వచ్చునా యని అడుగదు.

అక్షరముల ప్రసక్తి వచ్చినది గనుక విమానాశ్రయపు పలకలను గూర్చి చెప్పి విరమింతును. అచ్చటి పలకలు నాగరిలిపిలోను ఆంగ్లములోను ఉన్నవి. నాగరిలో నున్న మాటలు 'ఆగమన్', 'ప్రస్థాన్', 'యాత్రీ', 'సురక్షా', 'సామాన్'. ఇందులో తెలుగువానికి తెలియని మాట ఏది? 'సామాను' పారసీకము ద్వారా మనకును వచ్చినదే, మిగిలినవి తత్సమములు. అర్థచ్ఛాయలు మాత్రము కొంత వేరు. మనకు 'యాత్రి' యన్నచో కాశికి పోవువాడు. 'ప్రస్థానము'నకు పాండవుల మహాప్రస్థానము నీడ పడియున్నది. విమానమెక్కబోవువానికి ఆ నీడ అంత శుభము కాదు గాని, అర్థము తెలియకపోదు. మాట మనదియే, లిపి మాత్రము అడ్డు. దీవులలో పుట్టిన తెలుగు పిల్లలస్థితి దీనికి సరిగ వ్యతిరిక్తము: వారికి నాగరి వచ్చును, తెలుగు అక్షరములు రావు. మామ్మకు తెలుగు మాటయే దిక్కు, ఏ లిపియు రాదు. ఒకే ఇంట మూడు తరములు మూడు విధములుగ చదువరులైనవి. ఈ ఇండ్లలో ఎవరు ఏ లిపిలో ఏమి చదువుచున్నారో తెలుపు క్షేత్రపరిశీలనము ఒకటి పూనుట మన శాఖలవంటి వాని పని. ముసలివారి నోటినుండి వలసకథలను వారి పలుకుబడిలోనే రికార్డు చేయుటకు ఇంకను వ్యవధి కలదు, ఎక్కువ లేదు.

ఆ దినమున విమానము దిగి లోపలికి వచ్చినపిమ్మట జనసమ్మర్దములో ఆ వృద్ధురాలు నిలిచిపోయెను. నేను రెండడుగుల వెనుక నుంటిని. ఆమె పైనున్న పలకను చూపి, "ఏటే, ఏటి రాసుందక్కడ?" అని అడిగెను. మనుమరాలు తలయెత్తి నాగరి అక్షరములను కూడబలుకుకొనకుండ ఒక్క గుక్కలో "సామాన్" అని చదివెను.

"సామాన్లా? అయితే ఇక్కడే నిలబడదాం" అని ఆమె చేతికర్ర గోడకు ఆనించి, ప్రక్కనున్న బల్లమీద నాకును చోటు చూపెను.